అలెగ్జాండర్ మీద ఏ పుస్తకం చదవాలి? కొనేముందు నాలుగు పేజీల పరీక్ష

క్రీ.పూ. 330లో పర్షియా సామ్రాజ్యపు రాచనగరం పెర్సెపోలిస్ తగలబడింది. తగలబెట్టించింది అలెగ్జాండరే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఎందుకు తగలబెట్టించాడన్న దగ్గరే పుస్తకాలు విడిపోతాయి. ఒక పుస్తకంలో, విందులో తాగిన మత్తులో ఉండగా థయిస్ అనే ఏథెన్స్ గణిక రెచ్చగొట్టిందని, రాజే కాగడా విసిరాడని ఉంటుంది. ఇంకో పుస్తకంలో, 150 ఏళ్ళ కిందట పర్షియన్లు ఏథెన్స్ గుళ్ళను కాల్చినందుకు ప్రతీకారంగా, సేనాని పార్మెనియన్ వద్దంటున్నా వినకుండా, ఒళ్ళు తెలిసి చేసిన పని అని ఉంటుంది. ఈ రెండిట్లో ఏదీ ఇప్పటి రచయితల కల్పన కాదు. రెండింటికీ ప్రాచీన గ్రంథాల్లో ఆధారం ఉంది.

అలెగ్జాండర్ గురించి తెలుసుకుందామని పుస్తకం కోసం వెతికేవారికి చిక్కంతా ఇక్కడే. ఇంగ్లీషులో అతని మీద పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. అట్టలన్నీ ఒకేలా ఉంటాయి, అన్నీ అదే కథ చెబుతున్నట్టు కనిపిస్తాయి. కానీ ఒక్కో రచయిత ఒక్కో సాక్షిని నమ్ముకుని నడుస్తాడు. తాను ఎవరి మాట మీద నడుస్తున్నాడో చెబుతూ పోయే పుస్తకమే డబ్బుకు తగినది. అది తెలుసుకోవాలంటే ముందు ఆ సాక్షులెవరో తెలియాలి.

చూసినవాళ్ళు రాసింది మిగల్లేదు

అలెగ్జాండర్ వెంట నడిచినవాళ్ళలో చాలామందే రాశారు. అరిస్టాటిల్ బంధువు కలిస్థెనీస్ దండయాత్రకు అధికారిక రచయిత. క్రీ.పూ. 327లో కుట్ర నేరం మోపి అతన్ని బంధించడంతో ఆ రాత ఆగిపోయింది. టాలెమీ సేనాని, తర్వాత ఈజిప్టుకు రాజయ్యాడు. అరిస్టోబులస్ కూడా దండయాత్రలో ఉన్నవాడే. నియార్కస్ సింధు నది నుంచి పర్షియన్ సింధుశాఖ దాకా నౌకాదళాన్ని నడిపించాడు. ఒనెసిక్రిటస్ ఓడ చుక్కాని పట్టినవాడు. వీళ్ళ పుస్తకాల్లో ఒక్కటి కూడా పూర్తిగా మన చేతికి అందలేదు. తర్వాతివాళ్ళు ఎత్తి రాసుకున్న ముక్కలే దిక్కు.

ముక్కలుగా కాక వరస కథనాలుగా మిగిలినవి ఐదు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో డయడోరస్ గ్రీకులో రాసిన ప్రపంచ చరిత్రలో 17వ భాగం ఒకటి. రోమన్ రచయిత కర్టియస్ లాటిన్‌లో రాసింది ఇంకొకటి. ప్లూటార్క్ రాసిన జీవితచరిత్ర మూడోది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆరియన్ రాసిన ఏడు భాగాల చరిత్ర నాలుగోది. ట్రోగస్ అనే రచయిత పెద్ద గ్రంథాన్ని జస్టిన్ కుదించిన సంగ్రహం ఐదోది. అందరిలోకీ నమ్మదగినవాడని పేరున్న ఆరియన్‌కూ అలెగ్జాండర్‌కూ మధ్య దాదాపు 450 ఏళ్ళు గడిచాయి. 1565 నాటి రాక్షస తంగడి యుద్ధం గురించి ఇవాళ ఒకరు కూర్చుని రాయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రాసేవాడి బల్ల మీద పాత పుస్తకాలుంటాయి, చూసినవాళ్ళుండరు.

ఇలాంటి పరిస్థితి తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని మెగస్తనీస్ చెప్పాడని మన చరిత్ర పుస్తకాల్లో తరచూ చదువుతాం. మెగస్తనీస్ పుస్తకమూ పోయింది. ఆ అంకెలు మనకు దొరికేది క్రీ.శ. 79లో చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ గ్రంథంలో. ప్లినీ వాటిని మెగస్తనీస్ నుంచి తీసుకుని ఉంటాడన్నది పండితుల అంచనా. బలమైన అంచనాయే, అయినా అంచనాయే. “మెగస్తనీస్ చెప్పాడు” అని ఊరుకునే పుస్తకానికీ, “ప్లినీ ద్వారా మనకు తెలిసేది” అని రాసే పుస్తకానికీ ఉన్న తేడాయే అలెగ్జాండర్ పుస్తకాల్లోనూ పట్టుకోవాలి.

రెండు పాయలు, రెండిట్లోనూ మడ్డి

ఐదు కథనాలనూ పండితులు సాధారణంగా రెండు పాయలుగా విడదీస్తారు. ఒకటి ఆరియన్‌ది. తాను ముఖ్యంగా టాలెమీ, అరిస్టోబులస్‌లనే అనుసరిస్తున్నానని అతను ముందుమాటలోనే చెప్పుకున్నాడు. కారణాలూ చెప్పాడు. ఇద్దరూ దండయాత్రలో ఉన్నవాళ్ళు. పైగా టాలెమీ రాజు, రాజు అబద్ధమాడితే మిగతావాళ్ళకంటే ఎక్కువ సిగ్గుచేటు. ఇద్దరూ అలెగ్జాండర్ చనిపోయాక రాశారు కనుక భయమూ లేదు, బహుమతి ఆశా లేదు. రెండో పాయ డయడోరస్, కర్టియస్, జస్టిన్‌లది. వీళ్ళ వెనక ఎక్కువగా క్లైటార్కస్ అనే రచయిత ఉన్నాడని భావిస్తారు. ఇది రంగుల కథనం, నాటకీయత ఎక్కువ. ప్లూటార్క్ రెండు వైపుల నుంచీ తీసుకున్నాడు. తాను రాస్తున్నది చరిత్ర కాదని, మనుషుల జీవితాలని ముందే ప్రకటించాడు. అందుకే అతని దగ్గర యుద్ధాల వివరం పలచగా, స్వభావాన్ని పట్టిచ్చే చిన్న ఘటనలు దట్టంగా ఉంటాయి.

చాలా పాత పుస్తకాలు ఇక్కడే ఆగి, ఆరియన్ నిజం, మిగతావాళ్ళు కట్టుకథలు అని తేల్చేస్తాయి. అది అంత తేలికైన సంగతి కాదు. టాలెమీకి సొంత ప్రయోజనాలున్నాయి. అలెగ్జాండర్ శవాన్ని తీసుకుపోతుంటే దారి మళ్ళించి ఈజిప్టుకు తెచ్చుకున్నవాడు అతను. తన ప్రత్యర్థి పెర్డికస్ చేసిన పనులను తన పుస్తకంలో తగ్గించి చూపాడని చాలామంది పండితుల అనుమానం.

ఇదే టాలెమీ విషయంలో ఎదురు ఉదాహరణ కూడా ఉంది, నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అదే. ఇప్పటి పంజాబ్ ప్రాంతంలో మల్లులు అనే తెగ కోటలోకి అలెగ్జాండర్ ఒంటరిగా దూకి, ఛాతీలో బాణం దిగి చావు దాకా వెళ్ళాడు. అప్పుడు డాలు అడ్డుపెట్టి కాపాడినవాళ్ళలో టాలెమీ ఉన్నాడని క్లైటార్కస్ రాశాడు. తాను అక్కడ లేనని, వేరే చోట వేరే శత్రువులతో పోరాడుతున్నానని టాలెమీయే తన పుస్తకంలో రాసుకున్నాడు. ఈ సంగతి కర్టియసూ చెప్పాడు, ఆరియనూ చెప్పాడు. తనకు కీర్తి తెచ్చే అబద్ధాన్ని టాలెమీ స్వయంగా కొట్టేశాడు. కాబట్టి ఏ సాక్షినీ మొత్తంగా నమ్మడానికీ మొత్తంగా తోసేయడానికీ వీల్లేదు, ఘటన ఘటనకూ విడిగా తూచాల్సిందే. మీ చేతిలోని పుస్తకం ఆ పని చేస్తోందో లేదో రెండు యుద్ధాలూ, ఒక అగ్నికాండా, ఒక విందూ ఉన్న పేజీలు తిరగేస్తే తెలిసిపోతుంది.

మొదటి పేజీ: గాగమేలాలో ఎంతమంది?

క్రీ.పూ. 331 అక్టోబర్ 1న ఇప్పటి ఉత్తర ఇరాక్‌లో పర్షియా రాజు డేరియస్‌తో అలెగ్జాండర్ చివరి పెద్ద యుద్ధం జరిగింది. అలెగ్జాండర్ వైపు సుమారు 40,000 కాల్బలం, 7,000 గుర్రపుదళం అని ఆరియన్ లెక్క. ఇది నమ్మదగిందే. డేరియస్ వైపు మాత్రం ఆరియన్ 10 లక్షల కాల్బలం, 40,000 గుర్రాలు అంటాడు. డయడోరస్ 8 లక్షలు, 2 లక్షలు అంటాడు. జస్టిన్ 4 లక్షలు, లక్ష. కర్టియస్ 2 లక్షలు, 45,000.

పది లక్షల మాట నిలుస్తుందేమో లెక్క వేసి చూద్దాం. డొనాల్డ్ ఎంగెల్స్ 1978లో అలెగ్జాండర్ సైన్యపు సరఫరాల మీద రాసిన పుస్తకంలో సైనికుడికి రోజుకు 3 పౌండ్ల ధాన్యం, అంటే దాదాపు 1.36 కిలోలు కావాలని తీసుకున్నాడు. బరువు మోసే జంతువుకు 250 పౌండ్ల మోత. పది లక్షల మందికి రోజుకు 1,360 టన్నుల ధాన్యం. ఒక్క రోజు తిండి మోయడానికే 12,000 కంచరగాడిదలు కావాలి. వాటి మేత, గుర్రాల మేత, నీళ్ళు ఇంకా లెక్కలోకి రాలేదు. దారిలో నడక కూడా చూడండి. వరుసకు పదిమంది, వరుసకూ వరుసకూ 2 మీటర్ల ఎడం అనుకుంటే సైన్యం పొడవు 200 కిలోమీటర్లు. రోజుకు 25 కిలోమీటర్లు నడిస్తే, ముందువాళ్ళు చేరిన చోటికి చివరివాళ్ళు ఎనిమిది రోజుల తర్వాత చేరతారు. ఎంగెల్స్ అంకెల్లో కొన్నిటిని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. ఆ అంకెలను సగానికి తగ్గించినా పది లక్షలు నిలవదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. నమ్మదగినవాడని పేరున్న ఆరియన్ అంకె అన్నిటికంటే అసాధ్యం. రంగులద్దేవాడని పేరున్న కర్టియస్ అంకె నిజానికి కాస్త దగ్గర. మీరు తెరిచిన పుస్తకం పది లక్షలని మారుమాట లేకుండా రాసి ఉంటే, మిగతా పేజీల్లోనూ అదే తీరు ఉంటుంది.

ఇదే పేజీలో బాబిలోన్ ప్రస్తావన ఉందో లేదో కూడా చూడాలి. బాబిలోన్ గుడి పండితులు నక్షత్రాల కదలికలను, ధాన్యం ధరలను, పెద్ద సంఘటనలను మట్టి పలకల మీద నాటికి నాడు రాసేవారు. గాగమేలా నాటి పలక మిగిలింది. గ్రీకు కథనాల్లో డేరియస్ ముందు పారిపోతాడు, అది చూసి సైన్యం చెదిరిపోతుంది. పలక సాధారణ పఠనం ప్రకారం రాజును అతని సైన్యమే వదిలేసి తమ తమ ఊళ్ళకు పోయింది. పిరికి డేరియస్ అన్న బొమ్మ రెండు వేల ఏళ్ళుగా గెలిచినవాళ్ళ కథనం మీద నిలబడింది. ఈ పలకలున్న సంపుటం 1988లో అచ్చయింది కనుక అంతకుముందు రాసిన చాలా పుస్తకాల్లో వీటి ఊసు ఉండదు. అది ఆ రచయితల తప్పు కాదు. తర్వాత రాసి కూడా వదిలేస్తే మాత్రం తప్పే.

రెండో పేజీ: పెర్సెపోలిస్ మంటలు

థయిస్ కథ డయడోరస్, కర్టియస్, ప్లూటార్క్‌లలో ఉంది. కావాలని చేశాడన్నది ఆరియన్‌లో ఉంది, ఆ పని తెలివైనది కాదని ఆరియన్ స్వయంగా తప్పుపట్టాడు కూడా. ప్లూటార్క్ రెండూ చెప్పి, వెంటనే పశ్చాత్తాపపడి ఆర్పమన్నాడన్న విషయంలో మాత్రం అందరూ ఒక్కటే అన్నాడు. 1930లలో షికాగో విశ్వవిద్యాలయం జరిపిన తవ్వకాల్లో రాజభవనాల్లో దట్టమైన కాలిన పొర బయటపడింది. ఖజానాలో విలువైన లోహపు వస్తువులు మిగల్లేదు. దోచుకోవడం ముందు, కాల్చడం తర్వాత అని దీన్నిబట్టి కొందరు వాదిస్తారు. అంటే పథకం ప్రకారమే అని. కానీ సంపద తరలించాక కూడా తాగిన రాత్రి ఒకటి వచ్చి ఉండొచ్చు కదా అన్నది రెండో పక్షం జవాబు. మట్టి ఎవరు తాగారో చెప్పదు. మంచి పుస్తకం ఈ రెండు వాదాలనూ ఇచ్చి, తనకు ఏది ఎందుకు బలంగా తోస్తుందో చెబుతుంది.

మూడో పేజీ: పోరస్

భారతీయ పాఠకులు మొదట తెరిచే పేజీ ఇదే. అందుకే దీని చుట్టూనే గందరగోళం ఎక్కువ. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పోరస్‌తో యుద్ధం జరిగింది. అందులో నిజంగా పోరస్ గెలిచాడా అన్న ప్రశ్న తరచూ తిరుగుతూ ఉంటుంది.

ముందు తెలుసుకోవాల్సింది: ఆ కాలపు భారతీయ గ్రంథం గానీ శాసనం గానీ ఏదీ అలెగ్జాండర్ పేరెత్తలేదు. పోరస్ గురించి మనకు తెలిసిందంతా గ్రీకు, రోమన్ కథనాల నుంచే. మన పుస్తకాల్లో కనిపించే పురుషోత్తముడు అన్న పేరు కూడా ప్రాచీన ఆధారం లేని ఆధునిక ఊహ. ఇక అంకెలు. పోరస్ దగ్గర ఆరియన్ ప్రకారం 30,000 కాల్బలం, 4,000 గుర్రాలు, 300 రథాలు, 200 ఏనుగులు. డయడోరస్ ప్రకారం 50,000 కాల్బలం, వెయ్యికి పైగా రథాలు, 130 ఏనుగులు. కర్టియస్ ప్రకారం ఏనుగులు 85 మాత్రమే. ప్లూటార్క్ 20,000 కాల్బలం, 2,000 గుర్రాలతో సరిపెట్టాడు. అలెగ్జాండర్ వైపు చనిపోయినవాళ్ళు ఆరియన్ లెక్కలో సుమారు 310 మంది, డయడోరస్ లెక్కలో 280 మంది రౌతులు, 700కు పైగా కాల్బలం. అంటే మూడింతలు.

పోరస్ గెలిచాడనేవారి వాదన ఇది: ఓడిన రాజుకు రాజ్యం తిరిగి ఇవ్వడమే కాక ఇంకా కలిపి ఇస్తారా? ఆ తర్వాత సైన్యం బియాస్ నది దగ్గర ముందుకు కదలనని ఎందుకు మొండికేసింది? ప్రశ్నలు మంచివే. అయితే ఓడిన రాజునే సామంతుడిగా నిలపడం అలెగ్జాండర్‌కు కొత్త కాదు. తూర్పున తన పాలన నిలబెట్టడానికి ఆ దారి అతనికి అవసరం కూడా. పోరస్‌తో పోరు మాసిడోనియన్ల, అంటే అలెగ్జాండర్ సొంత దేశపు సైనికుల ధైర్యాన్ని మొద్దుబార్చిందని ప్లూటార్కే ఒప్పుకున్నాడు. కానీ అలెగ్జాండర్ ఓడాడని ఐదు కథనాల్లో ఒక్కటీ చెప్పదు. వాటికి ఎదురు నిలబెట్టగల వేరే ప్రాచీన కథనం లేదు. ఇక మిగిలేది వెండి పతకాలు. ఏనుగు మీదున్న ఇద్దరిని గుర్రపు రౌతు బల్లెంతో తరుముతున్న బొమ్మ వాటి మీద ఉంది. దాన్ని ఈ యుద్ధానికే ముడిపెడతారు. ఊరి పేరు, ఏడాది వాటి మీద లేవు.

కాబట్టి పోరస్ గెలిచాడని ఖాయంగా రాసిన పుస్తకానికి ఆధారం లేదు. 310 మంది మాత్రమే పోయిన సునాయాస విజయమని రాసిన పుస్తకం గెలిచినవాళ్ళ లెక్కను యథాతథంగా దించేసుకుంది. కష్టపడి గెలిచిన యుద్ధం, నష్టాలు తగ్గించి చెప్పిన యుద్ధం అన్నంత వరకే ఆధారాలు మోస్తాయి.

నాలుగో పేజీ: ఓపిస్ విందు

ఆధునిక చరిత్రకారుల మధ్య తగువు అర్థం కావాలంటే ఒక్క వాక్యం చాలు. క్రీ.పూ. 324లో టైగ్రిస్ నది ఒడ్డున ఓపిస్‌లో మాసిడోనియన్ సైనికులు తిరగబడ్డారు. రాజీ అయ్యాక 9,000 మందికి విందు జరిగింది. మాసిడోనియన్లు, పర్షియన్లు మనసు కలిసి పాలనలో పాలుపంచుకోవాలని అలెగ్జాండర్ ప్రార్థించాడని ఆరియన్ రాశాడు.

1948లో రెండు సంపుటాలుగా వచ్చిన బ్రిటిష్ చరిత్రకారుడు టార్న్ గ్రంథం ఈ ప్రార్థనలో మానవులంతా సోదరులన్న ఆదర్శాన్ని చూసింది. తొలిసారి ప్రపంచాన్ని ఒక్కటిగా కలగన్న రాజు అని. 1958లో ఎర్న్‌స్ట్ బాడియన్ ఒక వ్యాసంలో దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పాడు. ప్రార్థనలో ఉన్నది రెండు పాలక జాతులే, మానవాళి కాదు. కూర్చున్న తీరు చూసినా, రాజు చుట్టూ మాసిడోనియన్లు, తర్వాత పర్షియన్లు, ఆ తర్వాత మిగతావాళ్ళు. ఈ బాడియన్ వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో కుటుంబంతో న్యూజిలాండ్ చేరినవాడు. నియంతల గురించి మెత్తని కథలు నమ్మకపోవడానికి అతనికి కారణాలున్నాయని కొందరంటారు. బాడియన్ వ్యాసానికి 125 ఏళ్ళ ముందు, 1833లో, ముక్కలుగా ఉన్న జర్మనీలో కూర్చుని డ్రాయ్‌సెన్ గ్రీసును ఏకం చేసిన మాసిడోన్‌ను మెచ్చుకున్నాడు. ప్రతి తరానికీ తన అలెగ్జాండర్ ఉన్నాడు. అందుకే పుస్తకం తొలి ముద్రణ ఏడాది చూడటం అవసరం. కొత్త అట్టతో 2020లలో వచ్చిన పుస్తకం లోపల 1930ల నాటిది కావచ్చు, హక్కుల పేజీ తిప్పితే తెలుస్తుంది.

ఇప్పుడు దొరికేవాటిలో రాబిన్ లేన్ ఫాక్స్ 1973 పుస్తకం చదివించే గుణంలో మేటి. హోమర్ వీరుల్లా బతకాలనుకున్న యువకుడిగా అలెగ్జాండర్‌ను దగ్గరగా చూపుతుంది, అతనిపై ఇష్టాన్ని దాచుకోదు. పీటర్ గ్రీన్ పుస్తకం కూడా అంతే చురుగ్గా చదివిస్తుంది, కానీ అధికారం కోసం దేనికైనా సిద్ధపడే మనిషిని చూపుతుంది. ఈ రెండూ వరసగా చదివితే ఒకే ఆధారాల నుంచి ఇద్దరు మనుషులు ఎలా పుడతారో తెలుస్తుంది. బాస్వర్త్ 1988లో రాసిన పుస్తకం పొడిగా ఉంటుంది, ఆధారాల విషయంలో మాత్రం అత్యంత కచ్చితం. అతని 1996 పుస్తకం తూర్పు దండయాత్రలో జరిగిన ఊచకోతలను మెక్సికోలో స్పానిష్ దురాక్రమణ పక్కన పెట్టి చూస్తుంది. సింధు లోయలో ఏం జరిగిందో పట్టించుకునే పాఠకులు దీన్ని వదలకూడదు.

ఓడినవాళ్ళ వైపు నుంచి చూడాలంటే పియర్ బ్రియాంట్. పర్షియా సామ్రాజ్యం కుళ్ళిపోయి కూలడానికి సిద్ధంగా ఉందన్న పాత అభిప్రాయాన్ని అతను సామ్రాజ్యపు సొంత ఆధారాలతో కొట్టేశాడు. పెర్సెపోలిస్‌లో 1933లో దొరికిన వేలాది మట్టి పలకల్లో బాటసారులకు, కూలీలకు ఇచ్చిన ధాన్యం లెక్కలున్నాయి. అవి అలెగ్జాండర్‌కు దాదాపు 160 ఏళ్ళ ముందువి. అయినా అతని సైన్యం ఎలాంటి దారుల మీద, ఎలాంటి గిడ్డంగుల వ్యవస్థ మీద నడిచిందో చెబుతాయి. బ్రియాంట్ పెద్ద గ్రంథం వెయ్యి పేజీలు దాటుతుంది. అలెగ్జాండర్ మీద అతని చిన్న పుస్తకం కూడా ఇంగ్లీషులో ఉంది, అక్కడ మొదలుపెట్టడం మేలు. 2012లో అచ్చయిన బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతం) పత్రాలు పర్షియా పాలనా భాష అరమాయిక్‌లో ఉన్నాయి, వాటిలో అలెగ్జాండర్ పాలనలో ఏడో ఏట అని తేదీ వేసిన సరుకుల పద్దు ఒకటుంది. రాజు మారాడు, గుమాస్తా అదే లిపిలో అదే తీరులో రాస్తున్నాడు.

మూలాలు చదవాలనుకుంటే

ఒక్కటే చదవగలిగితే ఆరియన్. జేమ్స్ రోమ్ సంపాదకత్వంలో 2010లో వచ్చిన ల్యాండ్‌మార్క్ ముద్రణలో దాదాపు అడుగడుగునా పటాలుంటాయి, పక్కన తేదీలు, కింద వివరణలు ఉంటాయి. ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ. ఎలక్ట్రానిక్ ప్రతిలో పటాలు చిన్నవై చదవలేకపోవచ్చు కనుక అచ్చు ప్రతి మేలు. పెంగ్విన్ ముద్రణ చవక. అందులో హామిల్టన్ 1971లో చేర్చిన వివరణలు ఆరియన్ ఎక్కడ తడబడ్డాడో చూపిస్తాయి.

భారతదేశ భాగం వరకే చాలనుకుంటే మెక్‌క్రిండిల్ 1890లలో తెచ్చిన అనువాద సంపుటం ఉంది. అందులో ఐదుగురి కథనాలూ ఒకేచోట ఉన్నాయి. ఒకే యుద్ధాన్ని ఐదుసార్లు చదివి అంకెలు పక్కపక్కన రాసుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. హక్కుల గడువు తీరింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. కొనేటట్టయితే పాత ప్రతిని స్కాన్ చేసి అచ్చేసినవాటిలో మడత పటాలు ఉన్నాయో లేవో ముందు చూసుకోవాలి, చాలాసార్లు సగం మడతతోనే స్కానై ఉంటాయి. అతని ఊర్ల గుర్తింపులు కొన్ని పాతబడ్డాయి. అనువాదం కోసం వాడండి, భూగోళం కోసం వద్దు.

కర్టియస్‌ను ఉచిత పాత ప్రతుల్లో చదివేవారికి ఒక జాగ్రత్త. అతని పది భాగాల్లో మొదటి రెండూ పూర్తిగా పోయాయి. 17వ శతాబ్దంలో ఫ్రైన్‌షైమ్ అనే పండితుడు మిగతా రచయితల నుంచి సమకూర్చి ఆ ఖాళీని తన సొంత లాటిన్‌తో నింపాడు. పాత ముద్రణల్లో చాలావాటిలో అది కర్టియస్ వాక్యాలతో కలిసిపోయి ఉంటుంది. కర్టియస్ పేరుతో ఉన్న పుస్తకంలో అలెగ్జాండర్ బాల్యం కనిపిస్తే, మీరు చదువుతున్నది ఫ్రైన్‌షైమ్‌ను.